4 అడుగుల ఏంజెల్ ఫిష్ ట్యాంక్: తోడుగా ఏ చేపలు వేయాలి, మొత్తం ఎన్ని పడతాయి?

నిజాంపేట్_నాన్న:

అందరికీ నమస్తే. హాల్లో కొత్త ట్యాంక్ పెట్టించాను. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 10 ఎంఎం గాజు. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట ఉండే డబ్బా ఫిల్టర్), అడుగున సన్న ఇసుక, రెండు పెద్ద డ్రిఫ్ట్‌వుడ్ (నీళ్లలో పెట్టే కట్టె) ముక్కలు, కొన్ని అమెజాన్ స్వార్డ్ మొక్కలు. చేపలు ఇంకా వేయలేదు, సైకిల్ (అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా పెరగడం) నడుస్తోంది, అమ్మోనియా సున్నాకి వచ్చింది కానీ నైట్రైట్ ఇంకా కనిపిస్తూనే ఉంది.

నాకు ముఖ్యంగా కావాల్సింది ఏంజెల్స్. వాటితో పాటు ఏమేం వేయాలన్నదే తేలడం లేదు. ఇప్పటికి అనుకున్నది ఇదీ: 8 ఏంజెల్స్, 20 నియాన్ టెట్రాలు, 6 టైగర్ బార్బ్‌లు, 2 గోరామీలు, గాజుకి పట్టే పాచి తినడానికి 2 సక్కర్ ఫిష్‌లు, మా పాప అడుగుతోందని కొన్ని గప్పీలు. షాపులో అడిగితే "4 అడుగుల ట్యాంక్ కదా సార్, అన్నీ కలిసే ఉంటాయి" అన్నారు. నెట్‌లో చూస్తే ఒకరు గ్యాలన్ నీళ్లకి అంగుళం చేప అంటారు, ఇంకొకరు అది తప్పంటారు.

మా అపార్ట్‌మెంట్‌లో మంజీరా (కుళాయి) నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. ఎండాకాలం ట్యాంకర్ కూడా తెప్పిస్తారు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) మీటర్ 580 చూపిస్తోంది, పీహెచ్ 8 దగ్గర ఉంది. ఈ నీళ్లలో ఏంజెల్స్ బతుకుతాయా అని కూడా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

అల్వాల్_ఆక్వా:

చేపలు వేయకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు బ్రదర్. మీ ట్యాంక్ కొలతలు లెక్కేస్తే 255 లీటర్లు వస్తుంది, కానీ పైన వదిలే ఖాళీ, ఇసుక, కట్టె అన్నీ తీసేస్తే అసలు నీళ్లు 210 లీటర్ల దగ్గరే ఉంటాయి. మీరు లెక్క వేసుకోవాల్సింది ఆ 210తోనే.

షాపులో ఇచ్చే ఏంజెల్ రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటుంది, అందుకే 8 కూడా తక్కువే అనిపిస్తుంది. సరిగ్గా పెంచితే అదే చేప ఏడాదిలో ఒళ్లే 5, 6 అంగుళాలకి వస్తుంది, పైరెక్క చివర నుంచి కిందిరెక్క చివర దాకా కొలిస్తే 8 అంగుళాలు దాటొచ్చు. అంగుళాల లెక్క పనికిరాదని చెప్పేది ఇందుకే. 6 అంగుళాల ఏంజెల్ ఒక్కటి తినే తిండి, వదిలే వ్యర్థం, అంగుళం చేపలు ఆరింటితో పోల్చేది కాదు, చాలా ఎక్కువ. దానికి తోడు ఇది సిక్లిడ్, జోడీ కట్టాక జాగా కోసం కొట్లాడుతుంది. ఫిల్టర్ ఎంత పెద్దది పెట్టినా నీళ్లు శుభ్రంగా ఉంటాయి తప్ప జాగా పెరగదు.

మీ లిస్టులో ముందుగా తీసేయాల్సింది టైగర్ బార్బ్‌లు, ఇందులో రెండో ఆలోచన వద్దు. ఏంజెల్ కడుపు కింద దారాల్లా వేలాడే రెండు సన్న రెక్కలు ఉంటాయి చూడండి, బార్బ్‌ల నోరు ముందు పడేది వాటి మీదే. ఆ తర్వాత పైరెక్క కొసలు, తోక కొసలు. రెక్కలు చిరిగిన చేప మూలకి చేరి తిండి మానేస్తుంది, గాయమైన చోట ఫంగస్ పడుతుంది. సెర్పే టెట్రాలదీ అదే గుణం. బ్లాక్ విడో టెట్రాలని కూడా షాపుల్లో ఏంజెల్స్‌తో కలిపి అమ్ముతుంటారు, గుంపు చిన్నదైతే అవీ కొరుకుతాయి.

నియాన్‌ల సంగతి వేరు, ఇక్కడ కొరికేది ఏంజెల్. సన్నగా అంగుళంన్నర ఉండే నియాన్ పెద్ద ఏంజెల్ నోట్లో సులువుగా పడుతుంది. చిన్నప్పుడు కలిసే తిరుగుతాయి, ఆర్నెల్లు గడిచాక తెల్లారేసరికి ఒక్కొక్కటే తగ్గుతుంటుంది. పైగా నియాన్‌కి 22 నుంచి 25 డిగ్రీల చల్లని నీళ్లు హాయి, ఏంజెల్‌కి 26 నుంచి 28 కావాలి. ఎలా చూసినా పొసగదు.

చెరువుగట్టు:

అల్వాల్ అన్న చెప్పిందంతా కరెక్ట్. నేను సక్కర్ ఫిష్ గురించి చెప్తాను, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మన షాపుల్లో సక్కర్ పేరుతో 2 అంగుళాల పిల్లని అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగే కొద్దీ పాచి తినడం తగ్గి, రాత్రిపూట ఏంజెల్, డిస్కస్ లాంటి బల్లపరుపు చేపల ఒంటికి అతుక్కుని మీది జిగురుపొరని గీకి తినే అలవాటు పడుతుంది. పొద్దున లైట్ వేసి చూస్తే చేప పక్కన తెల్లటి గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. అడుగు పొడవున్న చేప వదిలే చెత్త సంగతి చెప్పనే అక్కర్లేదు, అడుగున ఎప్పుడూ నల్లటి పోగులు పేరుకుంటాయి.

ఇంత పెద్దదయ్యాక దాన్ని ఇంట్లో ఉంచలేక చెరువులో వదిలేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కృష్ణా డెల్టా కాలువల్లో, చేపల చెరువుల్లో దీన్ని దెయ్యం చేప అంటారు. ఇది మన నీళ్లలో పుట్టిన చేప కాదు, దక్షిణ అమెరికాది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు ఉండటంతో వలలు చిరుగుతాయి, రైతు వేసిన మేత తినేస్తుంది, కొనేవాళ్లు ఉండరు. హుస్సేన్ సాగర్ కానీ, మీ కాలనీ చెరువు కానీ, పెంచలేని చేపని వదిలే చోటు కాదు.

పాచికి కావాలంటే బ్రిసిల్‌నోస్ ప్లెకో ఒక్కటి చాలు. 4, 5 అంగుళాల దగ్గర ఆగిపోతుంది, మీ డ్రిఫ్ట్‌వుడ్‌ని పట్టుకుని ఉంటుంది. చైనీస్ ఆల్గే ఈటర్ అని బంగారు రంగు చేప ఒకటి అంటగట్టాలని చూస్తారు, అది కూడా పెద్దయ్యాక చేపల ఒంటి మీదికి ఎక్కే రకమే.

పొడుగాకు:

నిజాంపేట్ గారూ, ఏంజెల్స్ సంఖ్య గురించి నేను చెప్తాను, మీకు మున్ముందు సమస్య వచ్చేది అక్కడే.

చిన్న ఏంజెల్‌ని చూసి ఆడదో మగదో చెప్పడం కుదరదు. పెద్దదాన్ని చూసి కూడా కచ్చితంగా చెప్పలేం, గుడ్లు పెట్టేటప్పుడు బయటికొచ్చే గొట్టం చూస్తేనే తెలుస్తుంది, ఆడదానికి లావుగా మొద్దుగా, మగదానికి సన్నగా మొన తేలి ఉంటుంది. కాబట్టి "జోడీ ఇస్తాను" అని ఎవరైనా చిన్న పిల్లలని రెండు పట్టి ఇస్తే నమ్మకండి. అందరూ చేసేది, ఒకే సైజు పిల్లలని 6 తెచ్చి కలిపి పెంచడం. 8 నుంచి 12 నెలల మధ్యలో అవే జోడీ కడతాయి.

జోడీ కట్టడం చూసి తీరాలండీ. రెండూ ఒక స్వార్డ్ ఆకునో ఫిల్టర్ పైపునో ఎంచుకుని గంటల తరబడి నోటితో తుడుస్తూ ఉంటాయి, ఆకు మీద నలుసు కూడా మిగలనివ్వవు. ఆడది పై నుంచి కిందికి వరుసగా గుడ్లు అంటిస్తూ వెళ్తే మగది వెనకే వస్తుంది. 27, 28 డిగ్రీల నీళ్లలో రెండు రెండున్నర రోజుల్లో గుడ్లు పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదడం మొదలవుతుంది. ఆ సమయంలో ఆ రెండూ సగం ట్యాంక్‌ని సొంతం చేసుకుంటాయి. మిగతా నలుగురినీ అవతలి మూలకి తోసేస్తాయి, అందులో బలహీనమైనది ఒకటి రోజూ దెబ్బలు తింటుంది. అప్పుడు మీరు జోడీని ఉంచుకుని మిగతావి ఇచ్చేయాలి, లేదంటే జోడీనే ఇచ్చేసి నాలుగింటిని ఉంచుకోవాలి. ఎవరికి ఇస్తారన్నది ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. 8 తెస్తే 6 ఇవ్వాలి, 6 తెస్తే 4, అంతే తేడా, కానీ ఈలోపు మీ 210 లీటర్లకి 8 పెరిగిన చేపలు బరువే.

3 మాత్రం పెట్టకండి. రెండు కలిసి మూడోదాన్ని కొట్టే దృశ్యం ఎవరూ చూడలేరు.

మొక్కలు పొడుగ్గా నిలబడేవి పెట్టండి. వాటికి కావాల్సిన మరుగు నిలువుగా ఉండాలి. సొంత ఊళ్లో, అంటే అమెజాన్ నదీతీరాల్లో, అవి మునిగిన కొమ్మల మధ్య, నిలువాకుల మధ్య తిరిగే చేపలు, ఒంటి మీద నిలువు చారలు కూడా అందుకే. ట్యాంక్ మధ్యలో డ్రిఫ్ట్‌వుడ్ ఒకటి నిలబెట్టి చుట్టూ స్వార్డ్‌లు నాటితే ఈ చివర ఉన్న చేపకి ఆ చివర కనిపించదు, కొట్లాట సగం తగ్గుతుంది.

నిజాంపేట్_నాన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. బార్బ్‌లు, సక్కర్‌లు, నియాన్‌లు తీసేశాను. మరి గుంపుగా తిరిగే చిన్న చేపలు ఏవీ వేయకూడదా? ట్యాంక్ ఖాళీగా ఉంటే బాగోదు. గప్పీలకి పాప గట్టిగా పట్టుబట్టింది. నీళ్ల సంగతి కూడా చెప్పండి, 580 టీడీఎస్ అంటే ఆర్‌ఓ కలపాలా?

మంజీరా_మీనం:

నేను నియాన్‌ల మాటకి కొంచెం అడ్డు వస్తాను. నియాన్ వద్దు, ఒప్పుకుంటాను, కానీ కార్డినల్ టెట్రాలు మా ట్యాంక్‌లో ఏంజెల్స్‌తో బాగానే ఉన్నాయి. కార్డినల్ నియాన్ కంటే కాస్త పెద్దది, 27, 28 డిగ్రీలు దానికి ఇష్టం. ముందు కార్డినల్స్ వేసి అవి పూర్తిగా పెరిగాక చిన్న ఏంజెల్స్‌ని దింపాలి. చిన్నప్పటి నుంచి వాటి మధ్యే పెరిగిన ఏంజెల్ వాటిని తిండిలా చూడదు. రోజుకి రెండు పూటలా మేత పడాలి, ఆకలితో ఉన్న ఏంజెల్‌ని నమ్మలేం.

అల్వాల్_ఆక్వా:

మీ దగ్గర కుదిరింది సరే, మీ నీళ్లు ఏవి? కార్డినల్ మెత్తటి నీళ్ల చేప, అంటే లవణాలు తక్కువున్న నీళ్లు దానికి కావాలి. 580 టీడీఎస్, పీహెచ్ 8లో దింపితే ఏంజెల్ తినకముందే నీళ్లే వాటిని తినేస్తాయి. రమ్మీనోస్ టెట్రా అందరికీ నచ్చుతుంది, ఏంజెల్ నోటికి చిక్కనంత చురుకు కూడా, కానీ దానిదీ అదే ఇబ్బంది.

మంజీరా_మీనం:

మాది ఆర్‌ఓ సగం కలిపిన నీళ్లు, టీడీఎస్ 250 లోపే ఉంటుంది. ఆ మాట ముందే చెప్పాల్సింది, మీరన్నది నిజమే. ఆర్‌ఓ లేకుండా అయితే నేను కూడా కార్డినల్స్ వేయమని చెప్పను.

చెరువుగట్టు:

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర దొరికే ఏంజెల్స్ చాలా వరకు చెన్నై కొళత్తూరు వైపు ఫారాల్లో పుట్టినవి, తరతరాలుగా మనలాంటి నీళ్లలోనే పెరుగుతున్నాయి. 580 వాటికి పెద్ద కష్టం కాదు. ఒరినోకో నది నుంచి పట్టి తెచ్చే ఆల్టమ్ ఏంజెల్ అయితే వేరే సంగతి, దానికి మెత్తటి నీళ్లు కావాల్సిందే.

మీ ఇంట్లో అసలు చిక్కు అంకె కాదు, ఆ అంకె వారానికోలా మారడం. మంజీరా వచ్చిన రోజు సంపులో 300 ఉంటే ట్యాంకర్ వచ్చిన రోజు 900 ఉండొచ్చు. నీళ్లు మార్చే ముందు ప్రతిసారీ మీటర్ పెట్టి చూడండి. తేడా ఎక్కువుంటే ఒకేసారి సగం మార్చకండి, 20 శాతం చొప్పున రెండు మూడు సార్లుగా మార్చండి. మంజీరా నీళ్లకి యాంటీక్లోరిన్ (క్లోరిన్ పోగొట్టే మందు) తప్పనిసరి. బోరు నీళ్లలో నైట్రేట్ ముందే ఉండొచ్చు, కుళాయి నీళ్లని కూడా ఒకసారి టెస్ట్ చేస్తే మీ ట్యాంక్‌లో తయారయ్యేది ఎంతో, బయటి నుంచి వచ్చేది ఎంతో తెలుస్తుంది.

ఇంకో మాట, పీహెచ్ 8 అంటే ఎక్కువ చేపలు వేయడానికి మీకు అవకాశం తక్కువ. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, అందులో విషం పనిచేసే రూపం వాటా పీహెచ్ 7తో పోలిస్తే 8 దగ్గర దాదాపు పది రెట్లు. మెత్తటి నీళ్లున్నవాళ్లకి ఒకరోజు మేత ఎక్కువైనా గడిచిపోతుంది, మీకు అలా గడవదు.

గుంపు చేపల విషయంలో గట్టి నీళ్లకి సరిపోయే టెట్రా ప్రిస్టెల్లా. ఒళ్లు గాజులా ఉండి పైరెక్క మీద పసుపు, నలుపు, తెలుపు పట్టీలు ఉంటాయి. నియాన్ కంటే ఒళ్లు వెడల్పు, కాబట్టి పెరిగిన ప్రిస్టెల్లా ఏంజెల్ నోట్లో అంత సులువుగా పట్టదు. 12 తెచ్చి, ఏంజెల్స్ కంటే ముందే వేయండి. అవి దొరక్కపోతే డ్వార్ఫ్ నియాన్ రెయిన్‌బో, పేరులో నియాన్ ఉన్నా చేప వేరు, రెండున్నర అంగుళాలు ఉంటుంది, ఇవి 8 చాలు.

పొడుగాకు:

పాప గప్పీల సంగతి. మగ గప్పీ తోక ఏంజెల్ కంటికి ఊరిస్తున్నట్టే ఉంటుంది, పిల్లల్ని పెడితే ఒక్కటీ మిగలదు. పాప చూస్తుండగా అలా జరగకూడదు. వీలైతే 2 అడుగుల ట్యాంక్ ఒకటి విడిగా స్పాంజ్ ఫిల్టర్‌తో పెట్టి గప్పీలు అందులో ఇవ్వండి, పాప సొంత ట్యాంక్ అవుతుంది, మేత కూడా తనే వేస్తుంది. జాగా లేదంటే పెద్ద ట్యాంక్‌లోనే నాలుగైదు మాలీలు, ఒక మగ, మిగతావి ఆడవి. మాలీకి మీ గట్టి నీళ్లు చాలా ఇష్టం, పెరిగిన మాలీ ఏంజెల్ నోట్లో పట్టదు. మాలీ పిల్లల్ని మాత్రం ఏంజెల్స్ తింటాయి, ఆ మాట పాపకి ముందే చెప్పండి.

అడుగున తిరగడానికి కోరిడోరాస్ 6. సన్న ఇసుక వేసి మంచి పని చేశారు, గరుకు గ్రావెల్ అయితే వాటి మీసాలు అరిగిపోతాయి. మచ్చల కోరీ, పెప్పర్డ్ అని అమ్మేది, చల్లని నీళ్ల చేప, మన వేడికి అది వద్దు. స్టెర్బాయ్ దొరికితే అన్నిటికంటే మేలు, లేదంటే కంచు రంగుదో అల్బినోనో తీసుకోండి.

గోరామీలు కావాలంటే పెర్ల్ గోరామీ శాంతంగా ఉంటుంది, నీలం గోరామీ మగది అలా శాంతంగా ఉండదు. కానీ ఏంజెల్స్ 6 ఉన్నంత కాలం నేనైతే వేయను. పై సగం నీళ్లు ఇద్దరికీ కావాలి.

బోడుప్పల్_బ్యాటరీ:

అందరూ మామూలు రోజుల లెక్క చెప్పారు. హైదరాబాద్‌లో ఎన్ని చేపలు వేయాలన్నది మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పటి లెక్క అన్నా, జనవరి లెక్క కాదు. నీళ్లు వేడెక్కే కొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన పడితే, 32 దగ్గర 7.3 దాకానే పడుతుంది. అదే వేడికి చేపకి ఆక్సిజన్ మామూలు కంటే ఎక్కువ కావాలి. నిండా చేపలున్న ట్యాంక్‌లో ఫిల్టర్ రెండు గంటలు ఆగితే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. సగం నిండిన ట్యాంక్‌లో అదే రెండు గంటలు ఏమీ తెలియకుండా గడిచిపోతాయి.

బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోండి, కరెంటు పోగానే దానంతట అదే ఆన్ అయ్యే రకం ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే ఫిల్టర్ దానికే కలపండి, చాలా తక్కువ కరెంటు తింటుంది. క్యానిస్టర్‌తో ఇంకో జాగ్రత్త ఉంది, మూత బిగించిన డబ్బా కాబట్టి చాలాసేపు ఆగితే లోపల ఆక్సిజన్ అయిపోయి మంచి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. నాలుగైదు గంటలు పోయిందంటే, వచ్చాక నేరుగా ఆన్ చేయకండి. తెరిచి, లోపలి పాడు నీళ్లు పారబోసి, మీడియాని (బ్యాక్టీరియా పట్టి ఉండే స్పాంజ్, రింగుల్లాంటివి) ట్యాంక్ నీళ్లతోనే ఒకసారి కడిగి అప్పుడు నడపండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి ఉన్న బ్యాక్టీరియా కూడా పోతుంది.

ఎండాకాలం మూత తీసి పైన చిన్న ఫ్యాన్ తిప్పితే నీళ్లు రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. ఆవిరైన నీళ్ల బదులు ఆర్‌ఓ నీళ్లు పోయండి, బోరు నీళ్లే పోస్తూ ఉంటే టీడీఎస్ ఎక్కుతూ పోతుంది. డిసెంబరులో మాత్రం 200 వాట్ల హీటర్ కావాలి.

బరువు సంగతి ఎవరూ అడగలేదు. నీళ్లు, గాజు, ఇసుక, స్టాండ్ కలిపి 300 కిలోల పైమాటే. హాల్ మధ్యలో కాకుండా గోడ వారగా, కింద బీమ్ వెళ్లే వైపు పెట్టండి.

నిజాంపేట్_నాన్న:

ఇప్పుడు నాకు స్పష్టంగా ఉంది. 6 ఏంజెల్స్, జోడీ కట్టాక 2. ప్రిస్టెల్లాలు 12, కోరీలు 6, బ్రిసిల్‌నోస్ 1. గప్పీలకి వేరే ట్యాంక్, పాప ఒప్పుకుంది. బ్యాటరీ పంప్ ఆర్డర్ పెట్టాను. మిగిలే నాలుగు ఏంజెల్స్ తీసుకుంటానని మా ఆఫీసులో ఒకరు మాటిచ్చారు. ఏ వరుసలో వేయాలి, షాపులో ఏం చూసి కొనాలి, అది కూడా చెప్పండి.

అల్వాల్_ఆక్వా:

ఈ లిస్టు బాగుంది. నైట్రైట్ సున్నా అయి వారం నిలిచాక ముందు ప్రిస్టెల్లాలు వేయండి, రెండు వారాలకి కోరీలు, ఇంకో రెండు వారాలకి బ్రిసిల్‌నోస్. చివర్లో ఏంజెల్స్, ఆరూ ఒకే రోజు, ఒకే సైజు. ఒక్కొక్కటే తెస్తే ముందొచ్చింది పెత్తనం చేస్తుంది. వీలుంటే కొత్తవాటిని ఏవైనా మూడు వారాలు ప్లాస్టిక్ టబ్‌లో స్పాంజ్ ఫిల్టర్‌తో విడిగా ఉంచి చూడండి.

షాపులో ఏంజెల్ కన్ను చూడండి. ఒంటికి సరిపడా ఉండాలి. చిన్న ఒంటికి పెద్ద కన్ను ఉందంటే అది వయసొచ్చినా ఎదగని చేప, ఇక ఎదగదు. కడుపు కింది దారాల రెక్కలు రెండూ నిటారుగా, ఒకే పొడవు ఉండాలి. మొప్పలు రెండూ కదులుతున్నాయా చూడండి, ఒకటి మూసుకుని ఇంకో దానితోనే ఊపిరి తీస్తుంటే ఆ తొట్టిలో చేప ఏదీ తీసుకోవద్దు. మీ ముందే కాస్త మేత వేయమని అడగండి, ముందుకి ఉరికి తినే వాటినే పట్టించుకోండి. తెల్లటి దారంలా సన్నగా మలం వేలాడుతుంటే కడుపులో జబ్బు ఉన్నట్టే, అవి వద్దు. వాళ్ల తొట్టి టీడీఎస్ కూడా మీ మీటర్‌తో చూసుకోండి, మీ నీళ్లతో తేడా ఎక్కువుంటే చేపలు తెచ్చిన కవర్‌లో మీ నీళ్లు కొంచెం కొంచెంగా కలుపుతూ గంట సేపు అలవాటు చేయండి, ఆ కవర్ నీళ్లు మాత్రం ట్యాంక్‌లో పోయకండి.

అన్నీ చేరాక ఎక్కువయ్యాయా లేదా అన్నది నైట్రేట్ చూసి తెలుసుకోండి. వారానికి 30 శాతం నీళ్లు మారుస్తుంటే, మార్చే ముందు రోజు నైట్రేట్ కొలత 30 పీపీఎం లోపు ఉంటే మీ లెక్క సరిపోయినట్టే. 40 దాటుతుంటే మేత తగ్గించి చూడండి, అప్పటికీ దిగకపోతే ఏంజెల్స్ జోడీ కట్టేదాకా ఆగకుండా రెండింటిని ముందే మీ ఆఫీసు ఆయనకి ఇచ్చేయండి.